స్థానిక సరుకును స్థానికులే కొనేలా చేయడం ఎలా

చుట్టుపక్కల పండేదీ తయారయ్యేదీ చుట్టుపక్కలవాళ్లే కొనడం లేదంటే అందరికీ మొదట తట్టేది పోస్టరు. ‘స్థానికంగా కొనండి’ అని నాలుగు చోట్ల అంటిస్తారు, గ్రూపుల్లో ఫార్వర్డు చేస్తారు. వారం తిరక్కుండా ఆ సంగతి మరుగున పడిపోతుంది. జనం కొననిది అభిమానం లేక కాదు. ఎవరి దగ్గర ఏముందో, ఏ రోజు దొరుకుతుందో, ఎంతకిస్తారో, బాగా లేకపోతే ఎవర్ని అడగాలో వాళ్లకు తెలియదు. ఈ నాలుగింటికీ జవాబు సిద్ధం చేసుకున్నాక వేస్తే పోస్టరుకూ ఒక ప్రయోజనం ఉంటుంది.

ముందు గీత గీయండి

ఎంత దూరం దాకా స్థానికం? దీనికి ప్రపంచమంతటా ఒకే కొలత లేదు. అమెరికాలో 2008 నాటి వ్యవసాయ చట్టం 400 మైళ్ల లోపు దాన్ని, లేదా అదే రాష్ట్రంలో పండినదాన్ని ఈ లెక్కలోకి తీసుకుంది. బ్రిటన్‌లో రైతు సంతలు చాలావరకు 30 మైళ్ల దగ్గర గీత గీస్తాయి. మీ గీత ఎక్కడుండాలన్నది మీ ఇష్టం, కాని అది కాగితం మీద ఉండాలి. తయారీదారు పొద్దున బయల్దేరి సరుకు దింపి, మధ్యాహ్నానికి ఇల్లు చేరగలిగే దూరం అనుకుంటే ఆచరణలో ఇబ్బంది ఉండదు.

దూరం కంటే చిక్కైనది తయారైన సరుకు. జామ్‌లో పండు ఇక్కడిదే, పంచదార బయటిది. కాఫీ గింజ ఎక్కడిదో, వేయించింది మాత్రం ఇక్కడ. రొట్టె ఇక్కడే కాల్చారు, పిండి బయటి నుంచి వచ్చింది. అన్నింటినీ ఒకే మాట కింద కలిపేస్తే తర్వాత తగవులు తప్పవు. రెండు మాటలు పెట్టుకోండి: ‘ఇక్కడ పండినది’, ‘ఇక్కడ తయారైనది’. సరుకు పేరులో ఏ పదార్థం ఉందో అది ఇక్కడ పండితేనే మొదటి మాట. మామిడి జామ్ అంటే మామిడి ఇక్కడిదై ఉండాలి. పంచదార, ఉప్పు సంగతి పట్టించుకోనక్కర్లేదు. బయటి గింజను ఇక్కడ వేయిస్తే రెండో మాటే రాయాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

తర్వాత జాబితా. ఒక్కో తయారీదారు దగ్గరికీ వెళ్లి రాసుకోండి: ఏం ఇస్తారు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, వారానికి ఎంత, అందులో ఇప్పటికే వేరేచోటికి మాట ఇచ్చింది పోగా ఎంత మిగులుతుంది, ఎన్ని రోజులు నిలవుంటుంది, తెచ్చి ఇస్తారా లేక మనమే వెళ్లాలా. ఫోన్లో అడిగితే ‘ఎంతైనా ఇస్తాం’ అంటారు. అక్కడికి వెళ్లి చూస్తే వారానికి ఇరవై సీసాలు అని తేలుతుంది. ఆ తేడా ముందే తెలియాలి, ఎందుకంటే ప్రచారానికి సరుకు చాలకపోవడం ప్రచారం లేకపోవడం కంటే చేటు. రెండుసార్లు వచ్చి ఉత్త చేతులతో వెళ్లినవాళ్లు మూడోసారి రారు. లెక్క ఇలా వేసుకోండి: 400 ఇళ్లకు కబురు పంపితే పదింటికి ఒక ఇల్లు కొన్నా 40 సీసాలు కావాలి. ఉన్నవి ఇరవై అయితే 200 ఇళ్లకే చెప్పండి.

జాబితాలో ఎంతమంది ఉన్నా మొదట ముందుకు తెచ్చేది ఒకటో రెండో సరుకులే కావాలి. జపాన్‌లోని ఓయితా ప్రాంతంలో 1979లో గవర్నరు మోరిహికో హిరమత్సు మొదలుపెట్టిన ‘ఒక గ్రామం, ఒక ఉత్పత్తి’ ఉద్యమం పేరులోనే ఈ కిటుకు ఉంది. ఇరవై సరుకులు ఒకేసారి చూపిస్తే ఏదీ గుర్తుండదు.

రుచి చూపించే ముందు చూసుకోవాల్సినవి

ఒక్కరికి కడుపు పాడైందంటే మొత్తం పథకం మూలపడుతుంది. అందుకని ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఆహారం అమ్మడానికి ఏ అనుమతి కావాలో, ఇంటి వంటగదిలో చేసినవాటికి ఏ నిబంధనలున్నాయో మీ ప్రాంతపు ఆహార భద్రతా అధికారుల దగ్గర మొదటి అమ్మకానికి ముందే కనుక్కోండి.

త్వరగా పాడయ్యే ఆహారాన్ని 5 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లగానో, 60 పైన వేడిగానో ఉంచాలి. ఆ రెంటి మధ్య సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరుగుతాయి. బల్ల మీద మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉన్నదాన్ని పారేయాల్సిందే. ఎండ 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక గంటే. ఆహారంలోకి గుచ్చి వేడి చూసే ప్రోబ్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, చేత్తో తాకి చెప్పే వేడిని నమ్మకండి.

సీసాల్లో నిలవుంచే పదార్థాలకు పులుపే కాపలా. పులుపును కొలిచే అంకె పీహెచ్; అది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. పీహెచ్ 4.6కు మించితే, గాలి చొరబడని సీసాలో బాటులిజం విషాన్ని పుట్టించే బాక్టీరియా పెరగగలదు. ఉత్త నూనెలో వేసి గది వేడిలో ఉంచిన వెల్లుల్లి ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. నూనె గాలిని ఆపుతుంది గాని పులుపునివ్వదు. ఏ మీటరుతో చూశారు, ఎంత వచ్చింది అని ప్రతి బ్యాచ్‌కూ రాసి పెట్టమనండి. పచ్చి పాలు, వేడిచేయని పళ్లరసం జనానికి రుచి చూపించే బల్ల మీదికి తేవద్దు. పాలను 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు గాని, 72 దగ్గర 15 సెకన్లు గాని కాచి వెంటనే చల్లార్చాలి. తేనె సీసా మీద ‘ఏడాది లోపు పిల్లలకు పెట్టకూడదు’ అన్న వాక్యం తప్పనిసరి.

పులియబెట్టిన పానీయాల తంటా వేరు. మూత బిగించాక కూడా లోపల పులియడం ఆగదు, వాయువు పెరిగి సీసా పగులుతుంది. దీనికొక తేలిక ఉపాయం ఉంది. అదే బ్యాచ్‌లోంచి ఒక చిన్న ప్లాస్టిక్ సీసా కూడా నింపి గాజు సీసాల పక్కనే పెట్టండి. రోజూ దాన్ని వేళ్లతో నొక్కి చూడండి. నొక్కితే లోపలికి పోనంత గట్టిపడిందంటే గాజు సీసాలన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి చేరాలి. అమ్మేటప్పుడు కూడా చల్లని పెట్టెలోంచే ఇవ్వాలి. కొన్నవాళ్లు కారులో ఎండలో వదిలేస్తారు కాబట్టి ఆ హెచ్చరిక లేబుల్ మీద ఉండాలి, నోటితోనూ చెప్పాలి.

లేబుల్ మీద సరుకు పేరు, బరువు క్రమంలో పదార్థాలు (ఎక్కువ ఉన్నది ముందు), నికర తూకం, తయారైన తేదీ, వాడాల్సిన గడువు, ఎలా నిలవ చేయాలి, తయారీదారు పేరు, ఫోను, బ్యాచ్ నంబరు ఉండాలి. పల్లీలు, ఇతర గింజలు, పాలు, గుడ్లు, గోధుమ, సోయా, నువ్వులు లాంటి ఎలర్జీ పదార్థాలను మందపాటి అక్షరాల్లో వేయండి. బ్యాచ్ నంబరు అలంకారం కాదు: ఫిర్యాదు వస్తే ఆ ఒక్క బ్యాచ్‌నే వెనక్కి పిలిపించుకోవచ్చు, అది లేకపోతే ఉన్న సరుకంతా పారబోయాలి. ‘షుగరు తగ్గిస్తుంది’, ‘రోగనిరోధకశక్తి పెంచుతుంది’ లాంటి మాటలు లేబుల్ మీద గాని నోట గాని రానివ్వకండి. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, పైగా నమ్మకం పోవడానికి దగ్గరి దారి.

ఇంకో మాట కూడా జాగ్రత్తగా వాడండి. ‘తక్కువ దూరం వచ్చింది, కాబట్టి పర్యావరణానికి మేలు’ అని గుడ్డిగా రాసేస్తుంటారు. చాలా ఆహారాల విషయంలో వెలువడే కర్బన ఉద్గారాల్లో రవాణా వాటా చిన్నది. ఎలా పండించారన్నదే పెద్ద లెక్క. చలికాలంలో వేడిచేసిన గ్రీన్‌హౌస్‌లో పెరిగిన స్థానిక టమాటా కంటే దూరాన ఆరుబయట పండి వచ్చినదే మెరుగు కావచ్చు. తాజాదనం, చెట్టునే పండిన రుచి, అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండటం, డబ్బు ఇక్కడే తిరగడం: ఇవి నిజాలు, వీటినే చెప్పండి.

రుచి బల్ల

ఖర్చుపెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. కాని చాలా చోట్ల దీన్ని ప్రసాదం పంచినట్టు పంచేస్తారు. జనం తింటారు, బావుందంటారు, వెళ్లిపోతారు.

మొదట మీ సరుకు నిజంగా తేడాగా ఉందో లేదో చూసుకోండి. పేర్లు కనిపించని మూడు గిన్నెలు తీసుకుని, రెండింట్లో బజారు సరుకూ ఒకదాంట్లో మీదీ వేయండి. కొందరికి రెండింట్లో మీదీ ఒకదాంట్లో బజారుదీ వేసి ఇవ్వండి, గిన్నెల వరసా మార్చండి. ‘వేరుగా ఉన్నదేది’ అని మాత్రమే అడగండి. పన్నెండు మందిలో నలుగురు ఊరికే ఊహించినా సరిగ్గా చెప్పేస్తారు. కనీసం ఎనిమిది మంది కనిపెడితేనే తేడా ఉన్నట్టు. అప్పుడు ‘ఏది నచ్చింది’ అని అడగండి. తేడా తెలియలేదంటే ఆ సరుకు చెడ్డదని కాదు, దాన్ని రుచి పేరుతో అమ్మలేరని. తాజాదనమో, చిన్న ప్యాకెట్టో, ఇంటికి తెచ్చివ్వడమో వేరే కారణం వెతుక్కోవాలి.

ఒక మనిషికి ఘనపదార్థం 10 నుంచి 15 గ్రాములు, పానీయం 30 మిల్లీలీటర్లు చాలు. వంద మందికి సరుకు కిలోన్నర, పానీయం మూడు లీటర్లు, పైన పదో వంతు అదనం. అంతకంటే ఎక్కువ పోస్తే కడుపు నిండుతుందే తప్ప కొనాలనిపించదు. ఒక్క బల్ల మీద మూడు రుచులకు మించకూడదు. చప్పటివి ముందు, కారం, తీపి చివర, మధ్యలో మంచినీళ్లు. పానీయాన్ని ఇంట్లో ఎంత చల్లగా తాగుతారో అంతే చల్లగా ఇవ్వండి. మరీ మంచుగడ్డలా ఉంటే తీపీ వాసనా తెలియవు, ఆ తర్వాత ఇంట్లో తాగి ‘ఇంత తీపా’ అంటారు.

చెంచాలు రెండు గిన్నెల్లో పెట్టండి, శుభ్రమైనవి ఎడమవైపు, వాడినవి కుడివైపు. వడ్డించేది బల్ల వెనక ఉన్న మనిషే. జనాన్ని సీసాలో చెంచా ముంచనిస్తే ఒకసారి నోట్లో పెట్టిన చెంచాయే మళ్లీ లోపలికి వెళ్తుంది. మొత్తం సరుకు ఒకేసారి బయట పెట్టకుండా అరగంటకు సరిపడా తీస్తూ ఉంటే ఎండా ఈగలూ బాధ ఉండదు, బల్ల చివరిదాకా నిండుగానే కనిపిస్తుంది.

బల్ల దగ్గర తయారుచేసిన మనిషి నిలబడితే అమ్మకమే వేరు. ఆయనకు మాటలు రాకపోతే మూడు వాక్యాలు ముందే ఒప్పజెప్పించండి: ఇదేంటి, ఎక్కడ ఎప్పుడు తయారైంది, ఇంట్లో దేనితో తింటే బావుంటుంది. మూడోదాన్ని వదిలేస్తుంటారు, కాని చెయ్యి సంచిలోకి వెళ్లేది దానితోనే. పెద్ద సీసా పక్కన చిన్నది తప్పకుండా ఉండాలి, ధర దూరం నుంచే కనబడాలి. ధర అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు మీరు అనుకునేదానికంటే ఎక్కువమంది. చిల్లర, క్యూఆర్ కోడ్ రెండూ పెట్టుకోండి. కోడ్‌ను ఎండలో ముందే స్కాన్ చేసి చూడండి, ప్లాస్టిక్ తొడుగు మెరిస్తే ఫోను చదవదు.

ధర, దుకాణం

తయారీదారులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. 100 సీసాలు చేస్తే 8 రుచికి, 4 పగిలినవాటికి, పాడైనవాటికి పోతాయి. ఖర్చును 100తో కాదు, 88తో భాగించాలి. అందులో వాళ్ల కూలి, సీసా, లేబుల్, రవాణా అన్నీ కలవాలి. ‘ఇంట్లో చేసిందే కదా’ అని కూలి వదిలేసిన ధర మూడు నెలలు కూడా నిలబడదు; తర్వాత పెంచితే కొన్నవాళ్లకు కోపం వస్తుంది.

దుకాణదారు 20 శాతం మార్జిన్ అడిగితే 80కి ఇచ్చే సరుకు మీద 20 శాతం కలిపి 96 అని రాసేస్తారు. మార్జిన్ లెక్క అమ్మకపు ధర మీద. 80ని 0.8తో భాగిస్తే 100 వస్తుంది, అదీ ధర. ఇంటి దగ్గరా సంతలోనూ కూడా 100కే అమ్మాలి. ఇంటికొచ్చినవాళ్లకు 80కి ఇస్తే ఆ కబురు రెండు రోజుల్లో దుకాణానికి చేరుతుంది, మూడో రోజు మీ సీసాలు అడుగు అరలోకి పోతాయి.

మొదట్లో దుకాణదారు డబ్బు పెట్టి కొననంటే, అమ్మినంతకే డబ్బు తీసుకునే పద్ధతిలో ఇవ్వొచ్చు. కాని గడువు తీరినవి ఎవరి నెత్తిన పడతాయో, లెక్క ఏ రోజు చూసుకోవాలో రాసుకోవాలి. వారానికోసారి వెళ్లి పాతవి ముందుకు, కొత్తవి వెనక్కి సర్దండి. కళ్లకు ఎదురుగా ఉండే అర అడగండి. అక్కడ ఒక చిన్న కార్డు మీద తయారీదారు పేరు, చోటు రాసి పెట్టండి.

ముందస్తు ఆర్డర్లు

త్వరగా పాడయ్యే సరుకుకు సంతకంటే ఇది నయం, మిగిలిపోవడం ఉండదు. ఫిన్లండ్‌లో 2013లో థామస్ స్నెల్‌మన్ అనే రైతు మొదలుపెట్టిన రెకో పద్ధతి దీనికి మంచి నమూనా. ఫేస్‌బుక్ గ్రూపులో రైతులు ఏముందో రాస్తారు, కొనేవాళ్లు దాని కిందే ఆర్డరు పెడతారు, చెప్పిన రోజు చెప్పిన వేళకు ఒక పార్కింగ్ స్థలంలో కలుసుకుని ఎవరిది వాళ్లు పట్టుకుపోతారు. మధ్యవర్తి లేడు, అద్దె లేదు.

వారం టైంటేబుల్ కదలకుండా పెట్టుకోండి. గురువారం జాబితా, సోమవారం రాత్రి 8కి ఆర్డర్లు బంద్, మంగళవారం కోత, తయారీ, బుధవారం సాయంత్రం 6 నుంచి 7 దాకా పంపకం. ఆ ఒక్క గంటను రెండు గంటలు చేయకండి, చేస్తే అందరూ రెండో గంట చివర్లోనే వస్తారు. గ్రూపు చాట్‌లో ‘నాకూ రెండు’ అని పెట్టే ఆర్డర్లు తప్పకుండా తప్పిపోతాయి. ఒకే ఫారం, ఒకే పట్టిక ఉండాలి. డబ్బు ముందే కట్టించుకోండి. తీసుకెళ్లనివాళ్ల సరుకు ఏమవుతుందో (మర్నాడు పొద్దున దాకా ఉంచి ఎవరికైనా ఇచ్చేస్తాం, డబ్బు వాపసు లేదు) ఫారం మీదే రాయండి.

సీజను మొత్తానికి ముందే డబ్బు కట్టి, వారంవారం పంటలో వాటా తీసుకునే పద్ధతి ఇంకో మెట్టు పైది. జపాన్‌లో 1970లలో తెయికెయి పేరుతో పెరిగింది, అమెరికాలో 1986లో రెండు పొలాల్లో మొదలైంది, ఫ్రాన్స్‌లో 2001 నుంచి ఆమాప్ పేరుతో నడుస్తోంది. రైతుకు పెట్టుబడి ముందే చేతికొస్తుంది. పంట దెబ్బతింటే నష్టం అందరిదీ. జనం దీన్ని వదిలేసేది తరచూ డబ్బు వల్ల కాదు, వరసగా నాలుగు వారాలు ఒకే కూర వచ్చినందుకు. పంపకం చోట ఒక మార్పిడి బుట్ట పెట్టండి: వద్దన్నది అందులో వేసి, అంతే పరిమాణంలో ఇంకోటి తీసుకోవచ్చు.

క్యాంటీన్లు, హోటళ్లు, బడుల వంటశాలలు వేరే లోకం. వాళ్లకు కావాల్సింది కథ కాదు, ప్రతి మంగళవారం ఏడు గంటలకు పదిహేను కిలోలు, బిల్లుతో సహా. ఒకే సరుకుతో, వారానికి ఒక్క రోజుతో మొదలుపెట్టండి. మెనూలో పొలం పేరు రాస్తే అది కొన్న రోజే ఉండాలి, కొనని రోజు చెరిపేయాలి. అందుకే అచ్చువేసిన మెనూ కంటే సుద్దముక్క బోర్డు మేలు.

బయటి సరుకు చొరబడితే

పథకం కాస్త పేరు తెచ్చుకోగానే ఎవరో ఒకరు హోల్‌సేల్ మార్కెట్లో కొన్నది తెచ్చి తన పంటగా పెడతారు. ఇది జరుగుతుందా లేదా అన్న అనుమానం అక్కర్లేదు, జరుగుతుంది. న్యూయార్క్‌లో 1976లో మొదలైన గ్రీన్‌మార్కెట్ అనే రైతు సంతల్లో పండించినవాళ్లే అమ్మాలన్న నియమం ఉంది, పొలాలకు వెళ్లి చూసే తనిఖీదారులూ ఉన్నారు. అంత ఏర్పాటు చేసుకోలేనివాళ్లు తోటి రైతులు, కొనేవాళ్లు కలిసి చూసివచ్చే పద్ధతి పెట్టుకోవచ్చు. సేంద్రియ సరుకు విషయంలో చాలా దేశాల్లో ఇది ‘భాగస్వామ్య హామీ’ పేరుతో నడుస్తోంది.

చూడాల్సింది నేలనే కాదు, లెక్కను. ఎన్ని చెట్లున్నాయి, చెట్టుకు ఎంత కాస్తుంది, ఈ వారం ఎంత అమ్మారు? అమ్మింది కాసినదానికి మించితే సంగతి అక్కడే తేలిపోతుంది. సీజను కాని నెలలో కనిపించే పండు, అచ్చుపోసినట్టు ఒకే సైజులో ఉన్న కాయలు, పెట్టె మీద చింపేసిన స్టిక్కరు మరక కూడా అనుమానించదగ్గవే. మొదటిసారికి హెచ్చరిక, రెండోసారికి సీజను మొత్తం బయటికి అని చేరిన రోజే సంతకం చేయించుకోండి. దొరికాక నియమం రాయబోతే అది పగ తీర్చుకున్నట్టే ఉంటుంది.

ఏం లెక్కపెట్టాలి

లైకులూ, వచ్చిన జనం సంఖ్యా పక్కన పెట్టండి. లెక్కపెట్టాల్సింది మళ్లీ కొన్నవాళ్లను. మొదటిసారి కొన్నవాళ్లకు పంచ్ చేసే చిన్న కార్డు ఇవ్వండి. ఆరో వారానికి ఎన్ని కార్డులకు రెండో రంధ్రం పడిందో చూడండి. మొదటి అమ్మకాలు బాగా జరిగి రెండోసారి ఎవరూ రాకపోతే లోపం సరుకులోనో ధరలోనో ఉంది, ఇంకా ప్రచారం చేయడం దండగ. మొదటిసారే తక్కువమంది కొని, కొన్నవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంటే ఇంకో రుచి బల్ల వేయడానికి అదే సమయం. ఫిర్యాదులు తేదీ, బ్యాచ్ నంబరుతో ఒక పుస్తకంలో ఎక్కించండి. ఒకే బ్యాచ్ మీద రెండో ఫిర్యాదు రాగానే ఆ బ్యాచ్ అమ్మకం ఆపేయండి, కారణం తర్వాత వెతకొచ్చు.

సీజను ముగిసే వారంలోనే చివరి సందేశం పంపండి: సరుకు ఎప్పటితో అయిపోతుంది, మళ్లీ ఏ నెలలో వస్తుంది, మధ్యలో వేరే ఏం దొరుకుతుంది. కావాలన్నవాళ్ల పేర్లు రాయించుకోండి. వచ్చే సీజనులో మొదటి బ్యాచ్ సంగతి వాళ్లకు ఒక రోజు ముందు చెప్పి, మిగిలినదానికే బయట బోర్డు పెట్టండి.